ఉమ్మడి సౌర విద్యుత్తు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి చేతిలో ఉంచాలి?

ప్రశ్న: వేగుచుక్క

సభ్యులకు నమస్కారం. మాది దాదాపు 300 కుటుంబాలు నివసించే ప్రాంతం. అందులో సుమారు మూడో వంతు అద్దెకు ఉంటున్నవారు. ఇంకొందరు అంతస్తుల భవనాల్లో ఉంటున్నందువల్ల పైకప్పు మీద వారికి విడిగా హక్కు లేదు. మేము వాడుకునే విద్యుత్తులో కొంత భాగాన్నయినా స్వచ్ఛమైన వనరుల నుంచి మేమే ఉత్పత్తి చేసుకోవాలన్న ఆలోచన నివాసుల సంఘంలో చాలాకాలంగా నలుగుతోంది గానీ, ప్రతి సమావేశమూ ఏ కంపెనీ ప్యానెళ్లు మంచివన్న చర్చతో మొదలై, డబ్బు ఎవరు పెడతారన్న చోట ఆగిపోతోంది.

దీని వెనక ఒక పాత అనుభవం కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం బయటి సంస్థ ఒకటి మాకు సౌర వీధి దీపాలను ఉచితంగా పెట్టించింది. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. బ్యాటరీలు నీరసించాక వాటిని మార్చవలసిన బాధ్యత ఎవరిదో ఏ కాగితంలోనూ రాసి లేకపోవడంతో, తమది కాదని సంస్థ, తనది కాదని సంఘం చేతులు దులుపుకున్నాయి. దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఇప్పుడు సౌర విద్యుత్తు మాట ఎవరు ఎత్తినా సభలో ఎవరో ఒకరు లేచి ఆ స్తంభాలను చూపిస్తున్నారు. వారిని తప్పు పట్టడానికీ లేదు.

నేను తెలుసుకోగోరేది ఇది. ఎవరి పైకప్పు మీద వారు పెట్టుకోవడం మేలా, అందరం కలిసి ఒకచోట ఉమ్మడి కేంద్రం నెలకొల్పుకోవడం మేలా? సరఫరా పోయినప్పుడు ఉపయోగపడేలా బ్యాటరీలు తప్పనిసరా? మా ప్రాంతంలో గాలి బాగానే వీస్తుంది కాబట్టి చిన్న గాలిమరలు కూడా పెట్టవచ్చునని కొందరు అంటున్నారు, అది ఎంతవరకు నిజం? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ కేంద్రం ఎవరి పేరిట ఉండాలి? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: ఫ్యూజుతీగ

వేగుచుక్క గారూ, విద్యుత్ పంపిణీ రంగంలో చాలాకాలం పనిచేసిన ఇంజనీరుగా సాంకేతిక విషయాలకు మాత్రమే పరిమితమవుతాను. యాజమాన్యం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

ఏ ప్యానెళ్లు కొనాలన్న చర్చను కొంతకాలం పక్కన పెట్టించండి. ముందుగా మీ ప్రాంతం ఎంత విద్యుత్తు వాడుతోందో, అంతకంటే ముఖ్యంగా రోజులో ఏ వేళ ఎంత వాడుతోందో తెలియాలి. ఇంటింటి నుంచి పన్నెండు నెలల బిల్లులు సేకరిస్తే మొదటిది తెలుస్తుంది. రెండోదానికి మీకు సరఫరా ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గంటగంటకూ లోడు, అంటే వాడకపు భారం, ఎంత ఉందో పంపిణీ సంస్థను అడగాలి. పగటిపూట ఇళ్లు తాళాలు వేసి ఉండి, సాయంత్రం ఏడు నుంచి పది వరకు వాడకం ఒక్కసారిగా పెరిగే ప్రాంతానికీ, పగలంతా నీటి మోటార్లూ కుట్టుమిషన్లూ నడిచే ప్రాంతానికీ ఒకే ప్యానెళ్లు పెట్టినా ఫలితం ఒకేలా ఉండదు. సూర్యుడు ఇచ్చే వేళా మనం వాడే వేళా ఎంతగా కలుస్తాయన్న దాని మీదే మిగతా లెక్క అంతా ఆధారపడి ఉంటుంది.

ఆ లెక్క తీసిన వెంటనే పొదుపు సంగతి చూడండి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. మామూలు పంకా 75 వాట్ల వరకు తీసుకుంటే, తక్కువ విద్యుత్తుతో నడిచే బీఎల్‌డీసీ రకం మోటారు ఉన్న పంకా 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది. ఆదా చేసిన ప్రతి యూనిట్టూ ప్యానెల్, దాని కరెంటును ఇంటి వాడకానికి తగినట్టు మార్చే ఇన్వర్టర్, బ్యాటరీ మూడింటి పరిమాణాన్నీ తగ్గిస్తుంది. ఈ పనికి ప్రారంభోత్సవాలు జరగవు కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, ఉమ్మడి నిధిలో మొదటి ఖర్చు ఇక్కడే పెట్టాలని నా అభిప్రాయం.

ఇక ఉత్పత్తి. ఎండ బాగా కాసే ప్రాంతంలో 1 కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది మొత్తం మీద సగటున రోజుకు 4 యూనిట్ల వరకు ఇస్తాయి. వాటికి నీడ పడని సుమారు 10 చదరపు మీటర్ల చోటు కావాలి. నీడ పడని అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పక్కనున్న నీళ్ల ట్యాంకు నీడ వరుసలో ఒక్క ప్యానెల్ మీద పడినా, ఆ వరుస మొత్తం ఉత్పత్తి దెబ్బతినవచ్చు.

గాలిమరల విషయంలో మాత్రం మీ సంఘాన్ని గట్టిగా ఆపుతాను. గాలిలోని శక్తి దాని వేగం ఘనానికి అనులోమంగా ఉంటుంది, అంటే సెకనుకు 6 మీటర్ల గాలిలో ఉన్న శక్తి 3 మీటర్ల గాలిలో ఉన్నదానికి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. మనకు ఒంటికి హాయిగా తగిలే గాలి విద్యుత్తుకు చాలదు. పైగా ఇళ్ల మధ్య గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి పైకప్పుల మీది చిన్న మరలు చెప్పిన సామర్థ్యంలో చాలాసార్లు చిన్న భాగాన్నే ఇస్తాయి, కంపనం, చప్పుడు మాత్రం తప్పవు. తగినంత ఎత్తులో ఏడాది పాటు గాలి వేగం కొలిచిన లెక్క చేతిలో లేకుండా ఒక్క మర కూడా కొనవద్దు. సమీపంలో ఏడాది పొడవునా పారే వాగు ఉంటే దాన్ని చూడండి: సెకనుకు 10 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తు నుంచి దిగితే నష్టాలు పోగా దాదాపు 1 కిలోవాట్ వస్తుంది, అదీ రాత్రింబవళ్లూ వస్తుంది కాబట్టి రోజుకు 24 యూనిట్లు అవుతుంది.

బ్యాటరీల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గ్రిడ్‌కు, అంటే బయటి నుంచి సరఫరా తెచ్చే లైన్ల వ్యవస్థకు, అనుసంధానించిన మామూలు ఇన్వర్టర్, బయట సరఫరా పోగానే తానూ ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా మీ ఇంట్లో పంకా తిరగదు. లైను మీద మరమ్మతు చేస్తున్న కార్మికుడికి మీ ప్యానెళ్ల కరెంటు తగలకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. దాన్ని తప్పించే ప్రయత్నం చేయకూడదు. సరఫరా లేనప్పుడూ వెలగాలంటే బ్యాటరీ, దానితో కలిసి పనిచేయగల హైబ్రిడ్ రకం ఇన్వర్టర్ ఉండాలి. అయితే 300 ఇళ్లకూ బ్యాటరీలు పెట్టడం మోయలేని భారం. నీటి పంపు, ఆరోగ్య కేంద్రం, అందరూ చేరగల ఒక సమావేశ మందిరం, ఈ మూడింటికి మాత్రం పెట్టుకుంటే అత్యవసరం గడిచిపోతుంది.

చివరగా, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత తీసుకోగలదో ముందే అడగండి. మధ్యాహ్నం అందరి ప్యానెళ్లూ ఒకేసారి ఉత్పత్తి చేసి, వాడేవారు లేకపోతే విద్యుత్తు వెనక్కి ప్రవహించి లైనులో వోల్టేజి పెరుగుతుంది. అది హద్దు దాటగానే ఇన్వర్టర్లు ఆగిపోతాయి. ముందుగా ఆగేవి సాధారణంగా లైను చివరి ఇళ్లవి. ఎవరికి వారు పెట్టుకుంటూ పోయిన చోట ఈ తగవు తప్పకుండా వస్తుంది.

సమాధానం: ఉమ్మడిపద్దు

ఫ్యూజుతీగ గారు చెప్పినవన్నీ సరిగ్గా అమర్చుకున్నా పథకం చచ్చిపోవచ్చు. బిహార్‌లోని ధర్నాయి గ్రామం ఇందుకు ఉదాహరణ. దశాబ్దాలుగా విద్యుత్తు లేని ఆ ఊరిలో 2014లో స్వచ్ఛంద సంస్థల చొరవతో 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్, అంటే ఆ ఊరికే పరిమితమైన చిన్న సరఫరా వ్యవస్థ, మొదలైంది. ఆ కాలానికి అది పెద్ద వార్త. కొద్దికాలంలోనే ప్రభుత్వ గ్రిడ్ కూడా ఆ ఊరికి చేరింది. గ్రిడ్ కరెంటు చవక, దానిమీద ఎక్కువ శక్తి తీసుకునే పరికరాలు నడుస్తాయి. మైక్రోగ్రిడ్ మీద వాటికి ఆంక్షలు ఉండేవి. ఊరివారు గ్రిడ్ వైపు మళ్లారు. బ్యాటరీలు పాడయ్యాక వాటిని మార్చి నిలబెట్టేంత ఆసక్తి గానీ ఆదాయం గానీ మిగలలేదు, కేంద్రం మూలపడింది. దీన్ని సౌర సాంకేతికత వైఫల్యంగా చెప్పేవారితో నేను ఏకీభవించను. గ్రిడ్ వస్తే ఏం చేయాలి, బ్యాటరీలు పోతే డబ్బు ఎక్కడిది అన్న రెండు ప్రశ్నలకు జవాబు మొదటి రోజే రాసిపెట్టుకోని ఏ పథకానికైనా పట్టే గతి అది. మీ వీధి దీపాలది కూడా అదే కథ.

దీనికి ఎదురుగా స్కాట్లండ్ తీరంలోని ఎగ్ ద్వీపాన్ని చూడండి. సుమారు వంద మంది ఉండే ఆ ద్వీపాన్ని 1997లో నివాసులే ఒక ట్రస్టు ద్వారా కొనుక్కున్నారు. ఆ తరువాత కూడా పదేళ్ల పాటు చాలా ఇళ్లలో ఎవరి డీజిల్ జనరేటర్ వారిదే. 2008లో నీరు, గాలి, ఎండ మూడింటినీ కలిపి, వెనక బ్యాటరీలూ అవసరానికి డీజిలూ పెట్టుకుని సొంత గ్రిడ్ నడపడం మొదలుపెట్టారు. నన్ను ఆకట్టుకున్నది యంత్రాలు కాదు, వారు తమ మీద తామే విధించుకున్న నియమం: ఏ ఇల్లయినా ఒకేసారి 5 కిలోవాట్లకు, వ్యాపార స్థలమైతే 10 కిలోవాట్లకు మించి తీసుకోకూడదు. దాటితే ఆ ఇంటికి సరఫరా ఆగిపోతుంది. ధనవంతుడికైనా అంతే. ఉత్పత్తి మిగిలిపోయిన రోజుల్లో ఆ అదనపు విద్యుత్తుతో ఉమ్మడి భవనాలను వెచ్చబరుస్తారు. నిర్వహణకు ద్వీపవాసులే శిక్షణ పొందారు. ధర్నాయిలోనూ వాడకం మీద హద్దు ఉంది, ఎగ్‌లోనూ ఉంది. ఒకచోట అది పైనుంచి వచ్చిన ఆంక్ష అయింది, మరోచోట సభలో కూర్చుని ఒప్పుకున్న కట్టుబాటు అయింది.

డెన్మార్క్‌లోని సామ్సో ద్వీపం అనుభవం కొంచెం వేరు. ప్రభుత్వం 1997లో నిర్వహించిన పోటీలో గెలిచి, పునరుత్పాదక ఇంధన ద్వీపంగా మారేందుకు ఎంపికైంది గానీ, గెలుపుతో పాటు నిధుల సంచి ఏమీ రాలేదు. 2000 నాటికి నేల మీద 11 గాలిమరలు వచ్చాయి. వాటిలో 9 రైతుల సొంతం, 2 చిన్న చిన్న వాటాదారులతో ఏర్పడిన సహకార సంఘాలవి. తరువాత సముద్రంలో పెట్టిన 10 మరల్లో సగం స్థానిక పురపాలక సంస్థ తీసుకుంది. అంటే యాజమాన్యం మూడు రకాలుగా ఉంది, ఒకదానితో ఒకటి పోట్లాడుకోలేదు. కోపెన్‌హేగన్ దగ్గర సముద్రంలో 2000లో నెలకొల్పిన మిడెల్‌గ్రుండెన్ కేంద్రంలోని 20 మరల్లో సగం, ఎనిమిది వేలకు పైగా సభ్యులున్న సహకార సంఘానివి. తీరం నుంచి మరలు కనిపిస్తాయని అభ్యంతరం చెప్పవలసినవారిలో చాలామంది వాటాదారులయ్యారు. ఇదంతా గమనించే ఆ దేశం 2009లో అమల్లోకి వచ్చిన చట్టం ద్వారా, కొత్తగా గాలిమరలు పెట్టేవారు 4.5 కిలోమీటర్ల లోపు నివసించేవారికి కనీసం 20 శాతం వాటాలు ముందుగా ఇవ్వజూపాలన్న నిబంధన తెచ్చింది, అది 2020 వరకు అమల్లో ఉంది.

కాబట్టి మీ నాలుగో ప్రశ్నే నిజానికి మొదటిది. పేరు సహకార సంఘానిదైనా, నివాసుల సంఘానిదైనా, ఉత్పత్తి లెక్క చూసే హక్కు, నియమాలు మార్చే హక్కు, మరమ్మతు చేయించే బాధ్యత, ఈ మూడూ ఒకే చోట ఉండాలి. ఇంకో మాట: కొత్తది కట్టకముందు ఆ పాత వీధి దీపాల్లో బాగుపడేవాటిని సంఘం డబ్బుతో బాగుచేయించి, వాటి నిర్వహణ పద్దు ఏడాది పాటు నడిపి చూపించండి. చిన్న పద్దు నడపలేనివారికి పెద్ద పద్దు ఎవరూ అప్పగించరు.

సమాధానం: నిక్కచ్చి

ఉమ్మడిపద్దు గారి మీద గౌరవం ఉన్నప్పటికీ ఒక అసమ్మతి నమోదు చేయక తప్పదు. విజయవంతమైన సంఘాల కథలు వినడానికి బాగుంటాయి గానీ, వాటికి పట్టిన కాలం ఎవరూ లెక్కపెట్టరు. జర్మనీలోని షోనావ్ పౌరులు 1986 నాటి చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్ర ప్రమాదం తరువాత కదిలి, రెండు ప్రజాభిప్రాయ సేకరణలు గెలిచి, పట్టణ విద్యుత్ గ్రిడ్‌ను చేతిలోకి తీసుకునేసరికి 1997 వచ్చింది. అంత ఓపిక 300 కుటుంబాలున్న ప్రతిచోటా ఉంటుందా?

నా సలహా సాదాది. సొంత పైకప్పు, చేతిలో డబ్బు ఉన్న పది ఇళ్లు ముందుకు వచ్చి ఒకే గుత్తేదారుతో కలిపి బేరం చేసుకోండి. పని, పరికరాలు, మరమ్మతు ఒప్పందం ఉమ్మడిగా ఉంటాయి. ఆస్తి మాత్రం ఎవరిది వారిదే. కాలిఫోర్నియాలో ఇళ్లపై ప్యానెళ్ల వ్యాప్తిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటి, ఒక వీధిలో ప్యానెళ్లు పెరిగే కొద్దీ ఇరుగుపొరుగువారు కూడా పెట్టుకునే అవకాశం పెరుగుతోందని తేల్చింది. తీర్మానాల కంటే పక్కింటి బిల్లు వేగంగా ఒప్పిస్తుంది. లైను చివర వోల్టేజి సమస్య నిజమే, కానీ అది పది ఇళ్ల దగ్గర రాదు. వచ్చేనాటికి సంఘం కూడా పరిణతి చెందుతుంది.

వేగుచుక్క

అందరికీ కృతజ్ఞతలు. నిక్కచ్చి గారి మార్గం వేగంగా సాగుతుందని ఒప్పుకుంటాను గానీ, నా మనసులో ఉన్న చిక్కు దానివల్ల తీరదు. సొంత కప్పు ఉన్నవారి బిల్లు తగ్గుతుంది; బిల్లు భారం ఎక్కువగా మోస్తున్న అద్దెవారికి ఏమీ దక్కదు. రెండేళ్లలో ఇల్లు మారిపోయే కుటుంబాన్ని 25 ఏళ్లు పనిచేసే ప్యానెళ్లలో వాటా తీసుకోమని ఎలా అడగాలి? ఈ ఒక్క విషయం మీద ఎవరైనా వివరంగా చెప్పగలరా?

సమాధానం: జమాఖర్చు

సహకార సంఘాల పద్దులు తనిఖీ చేసే వృత్తిలో ఉన్నాను కాబట్టి ఈ చిక్కును తరచుగా చూస్తుంటాను. పరిష్కారం ఉంది. చాలాచోట్ల విద్యుత్ నియంత్రణ నిబంధనలు వర్చువల్ నెట్ మీటరింగ్ అనే పద్ధతిని అనుమతిస్తున్నాయి. అదే పంపిణీ సంస్థ పరిధిలో కేంద్రం ఎక్కడ ఉన్నా, అది గ్రిడ్‌కు పంపిన యూనిట్లను సభ్యుల వాటాల ప్రకారం విభజించి, ఒక్కొక్కరి బిల్లులో తగ్గిస్తారు. సభ్యుడికి పైకప్పు ఉండనవసరం లేదు, మీటరు ఉంటే చాలు. ఈ పద్ధతి మీ పంపిణీ సంస్థ పరిధిలో అమల్లో ఉందా, ఎంత సామర్థ్యం వరకు ఉంది, యూనిట్టుకు యూనిట్టు తగ్గిస్తారా లేక వేరే ధర కట్టి తగ్గిస్తారా అన్న మూడు విషయాలూ రాతపూర్వకంగా తెప్పించుకోండి. మూడో విషయం మీద ఉమ్మడి కేంద్రం గిట్టుబాటు అవునో కాదో తేలిపోతుంది.

వాటాలను చిన్నవిగా పెట్టండి. ఇల్లు మారేవారు తమ వాటాను తరువాత వచ్చే అద్దెదారుకో, సంఘానికో తరుగుదల పోగా మిగిలిన విలువకు తిరిగి ఇచ్చే వీలు నియమావళిలోనే ఉండాలి. ప్యానెళ్లు ఏటా సుమారు అర శాతం చొప్పున సామర్థ్యం కోల్పోతాయి కాబట్టి ఆ విలువ కట్టడం కష్టం కాదు; ఏటా సర్వసభ్య సమావేశంలో ఒక పట్టిక ఆమోదిస్తే తగాదా ఉండదు. ఓటు మాత్రం వాటాకు కాదు, సభ్యుడికి ఒకటే. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో సహకార సంఘం పెట్టుకున్న నేత కార్మికుల కాలం నుంచి సహకార సంఘాలు నిలబడుతున్నది ఆ సూత్రం మీదనే. పది వాటాలు కొన్నవాడికి పది ఓట్లు ఇస్తే రెండో ఏడాదికి అది సంఘం కాదు, చిన్న కంపెనీ అవుతుంది.

నిధి గురించి. ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల హామీ ఇస్తారు. ఇన్వర్టర్ 10 నుంచి 15 ఏళ్లలో మార్చవలసి వస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే మూడు నుంచి ఐదేళ్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే అంతకు చాలా ఎక్కువ. కాబట్టి మొదటి నెల ఆదా నుంచే కొంత భాగాన్ని మార్పిడి నిధిగా విడి ఖాతాలో వేయాలి. సభ్యులకు పంచే ప్రయోజనం ఆ తరువాతిది. నేను చూసిన సంఘాల్లో ఈ వరుస తిరగేసిన ప్రతిదీ ఇన్వర్టర్ పాడైన రోజున చందాలకు బయలుదేరింది.

నిక్కచ్చి గారి పది ఇళ్ల ఆలోచనను నేను కొట్టివేయను. ఉమ్మడి బేరానికి ఆ పది ఇళ్లూ ముందుకు వస్తే, ఎక్కువ మొత్తంలో కొన్నందుకు గుత్తేదారు ఇచ్చే ధర తగ్గింపులో కొంత ఉమ్మడి కేంద్రం నిధికి చేర్చాలని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. గుజరాత్‌లోని ఢుండీలో 2016లో నమోదైన సౌర నీటిపారుదల సహకార సంఘం ఆరుగురు రైతులతోనే మొదలైంది. పంపులు నడవగా మిగిలిన విద్యుత్తును కలిపి గ్రిడ్‌కు అమ్మడంతో, నీటిని వృథాగా తోడటం కంటే ఆపుకోవడమే వారికి లాభమైంది. అందరూ వచ్చేదాకా ఆగనవసరం లేదు, వచ్చేవారికి తలుపు ఎలా తెరుచుకుంటుందో మాత్రం మొదటి ఆరుగురే రాసిపెట్టాలి.

ఫ్యూజుతీగ

జమాఖర్చు గారి మాటకు ఒక్క చేర్పు. గుత్తేదారుతో ఒప్పందం రాసేటప్పుడు ఇన్వర్టర్ పర్యవేక్షణ ఖాతా, దాని పాస్‌వర్డ్ సంఘం పేరిట ఉండాలని స్పష్టంగా రాయించండి. గుత్తేదారు పేరిట ఉంటే, అతనితో మాట తేడా వచ్చిన రోజు నుంచి కేంద్రం ఎన్ని యూనిట్లు ఇస్తోందో కూడా మీకు తెలియదు. అలాగే వైరింగ్ పటం, ప్యానెళ్ల క్రమసంఖ్యల జాబితా, హామీ పత్రాల అసలు ప్రతులు చేతికి వచ్చాకే చివరి విడత డబ్బు చెల్లించండి. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కోసం పంపిణీ సంస్థకు రాసే లేఖలో మీకు సరఫరా ఇస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ సంఖ్య తప్పక పేర్కొనండి. అది స్తంభం మీద రాసి ఉంటుంది. అది లేకుండా వెళ్లిన లేఖ ఏ బల్ల మీద ఆగుతుందో చెప్పలేం.